విండ్‌సర్ఫింగ్ జంప్స్ మొదలుపెడుతున్నా, పెద్ద దెబ్బలు తగలకుండా ఎలా నేర్చుకోవాలి?

ఉప్పుగాలి రాశారు:

అందరికీ నమస్తే. ప్లానింగ్ (స్పీడ్‌లో బోర్డ్ నీళ్ళ మీద జారడం), హార్నెస్ (సెయిల్ లాగుడుని నడుము మోసేలా చేసే పట్టీ), రెండు ఫుట్‌స్ట్రాప్స్ (బోర్డ్ మీద కాళ్ళు దూర్చే పట్టీలు), వాటర్ స్టార్ట్ (నీళ్ళలోంచే సెయిల్ గాలితో బోర్డ్ మీదకి లేవడం) అన్నీ వచ్చేశాయి, జైబ్ (గాలివాటం వైపుగా తిరిగే మలుపు) కూడా చాలాసార్లు పడకుండానే తిరుగుతోంది. ఇప్పుడు ధ్యాసంతా జంప్స్ మీదే. స్పీడ్‌లో వెళ్తుంటే ఒక్కోసారి చాప్ (గాలికి లేచే చిన్న అల) తగిలి బోర్డ్ దానంతటదే నీళ్ళ మీంచి లేస్తుంది చూడండి, ఆ క్షణం ఒళ్ళు జల్లుమంటుంది, దాన్ని ఇక కావాలని చేయాలనుంది.

కానీ భయం కూడా ఉంది. నేను వెళ్ళే చోటే ఒకాయన ఈమధ్య జంప్ చేసి దిగేటప్పుడు కాలు స్ట్రాప్‌లో ఇరుక్కుపోయి పాదం మెలిపడింది, ఇద్దరు చెరో పక్క పట్టుకుని ఒడ్డుకి తెచ్చారు, నెలలు గడిచినా ఆయన ఇంకా కుంటుతూనే ఉన్నారు. పెద్ద హైట్ కూడా కాదు, మోకాలెత్తు లేచారేమో అంతే. అది చూసినప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది. నాది రోజంతా నిలబడి చేసే పని, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కాలో మోకాలో పోతే చాలా కష్టం.

చిన్నచిన్న గీతలు, వాపులు ఎలాగూ తప్పవు, వాటి గురించి కాదు నా బాధ. నెలల తరబడి మంచాన పడేసే దెబ్బలు అసలు ఎక్కడ, ఎలా తగులుతాయి? గాలిలో ఉండగా తేడా వస్తే బూమ్ (సెయిల్‌కి చేతులతో పట్టుకునే కడ్డీ) వదిలేయాలా పట్టుకునే ఉండాలా? ఒకరు వదిలేయమంటారు ఇంకొకరు చచ్చినా వదలొద్దంటారు. హార్నెస్ హుక్‌ని బూమ్ లైన్‌కి (తాడుకి) తగిలించుకుని ఎగరొచ్చా? నా బోర్డ్ 115 లీటర్ల ఫ్రీరైడ్ (మామూలుగా స్పీడ్‌గా తిరగడానికి చేసింది), సెయిల్స్ 5.8, 6.5 చదరపు మీటర్లవి ఉన్నాయి, బరువు 75 కిలోలు. ఇవి సరిపోతాయా?

పాతతెరచాప రాశారు:

తమ్ముడూ, మంచి టైమ్‌లో అడిగావు, చాలామంది దెబ్బ తగిలాక అడుగుతారు.

ముందు ఫుట్‌స్ట్రాప్స్ గురించే చెప్తా, ఎందుకంటే నువ్వు చూసిన ఆ దెబ్బ అక్కడే పుట్టింది. ఈ స్ట్రాప్స్ అసలు వచ్చిందే జంప్స్ కోసం, 1970ల చివర్లో హవాయీలో అలల మీద ఎగిరేవాళ్ళు బోర్డ్ గాలిలో కాళ్ళ కింద నుంచి పోతోందని బిగించుకున్నారు. అంటే బోర్డ్‌ని కాలికి అతికించి ఉంచడం దాని పని, కానీ నువ్వు పడేటప్పుడు మాత్రం అదే స్ట్రాప్ నిన్ను వదిలేయాలి, ఈ రెండూ ఒకేసారి జరగాలంటే సైజు సరిగ్గా కుదరాలి. మరీ వదులుగా ఉంటే పాదం చీలమండ దాకా లోపలికి దూరిపోతుంది, అప్పుడు బోర్డ్ తిరిగిందంటే దాంతోపాటు కాలూ తిరుగుతుంది, బయటికి రాదు. మరీ బిగుతైతే వేళ్ళు మాత్రమే దూరతాయి, గాలిలో ఒక కాలు ఊడిపోయి ఇంకోటి లోపలే ఉండిపోతుంది. ఈ రెండోది తక్కువ ప్రమాదం అనుకుంటారు గానీ కాదు, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని దిగడమంత చెడ్డ ల్యాండింగ్ ఇంకోటి లేదు, మోకాలు పోయేది అక్కడే. రెండు కాళ్ళూ లోపలుండాలి, లేదా రెండూ బయటుండాలి.

ఎలా చూసుకోవాలంటే, బోర్డ్‌ని ఇసుకలోనో గడ్డి మీదో ఫిన్ (తోక అడుగునుండే రెక్క) తీసేసి పెట్టు, నీళ్ళలో ఏది వేసుకుంటావో అదే వేసుకుని, అంటే బూటీస్ (నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లు) వేసేవాడివైతే బూటీస్‌తోనే, కాలు పెట్టి చూడు. వేళ్ళు అటు పక్కకి కనబడాలి, మడమ ఎత్తి పక్కకి తిప్పితే పాదం గింజుకోకుండా బయటికొచ్చేయాలి. ఉత్తికాళ్ళతో సెట్ చేసుకుని తర్వాత బూటీస్‌తో వెళ్ళేవాళ్ళని బోలెడుమందిని చూశాను, ఆ కొంచెం రబ్బరు మందానికే లెక్కంతా మారిపోతుంది. ఇంకోటి, నీ ఫ్రీరైడ్ బోర్డ్ మీద స్ట్రాప్స్ అంచుల దగ్గర ఉండి ఉంటాయి, స్పీడ్‌కి అవి బాగుంటాయి గానీ జంప్‌కి కాదు. లోపలి వరస రంధ్రాలుంటే అక్కడికి మార్చు, వెనక ఒక్కటే స్ట్రాప్ మధ్యలో పెట్టు. అంచు మీద నిలబడి దిగితే బోర్డ్ ఒక పక్కకి ఒరిగి పాదాన్ని మెలితిప్పుతుంది.

ఇక దిగడం. అందరూ ఎంత ఎత్తు లేచాం అనే చూస్తారు. లెక్క చూడు: మీటర్ ఎత్తు నుంచి ఊరికే పడితే నీళ్ళని తాకేటప్పటికి వేగం గంటకి 16 కిలోమీటర్లు, 2 మీటర్ల నుంచైతే 22 పైన, 3 మీటర్లైతే 27 దాటుతుంది. సెయిల్‌లో గాలి ఉంటే అది నిన్ను కొంత మోస్తుంది కాబట్టి నిజంగా అంత రాదు, కానీ భయపడి బూమ్ వెనక చేత్తో వదిలేశావనుకో సెయిల్ ఖాళీ అయిపోయి ఆ మోత పోతుంది, రాయిలా పడతావు. అందుకే గాలిలో సెయిల్ దగ్గరికి లాగి ఉంచడం అనేది స్టైల్ కోసం కాదు, అదే నీ పారాచూట్.

బోర్డ్ తోక ముందు నీళ్ళని తాకాలి, ముక్కు కొంచెం గాలివాటానికి తిరిగి ఉండాలి, మోకాళ్ళు రెండూ వంగి ఉండాలి. మెట్టు మీంచి దూకేటప్పుడు ఎవరూ కాళ్ళు కర్రల్లా పెట్టరు కదా, ఇక్కడ మాత్రం భయంతో కాళ్ళు బిగిసిపోతాయి. బోర్డ్ బల్లపరుపుగా నీళ్ళ మీద పడితే ఆ దెబ్బంతా మడమల్లోకి, అక్కడి నుంచి మోకాళ్ళకి, నడుముకి పోతుంది. చదునుగా ఉన్న నీళ్ళ మీద బల్లపరుపు ల్యాండింగ్ అలవాటైతే ఒక్క దెబ్బకి ఏమీ కాకపోయినా రోజుల తరబడి మడమ నేల మీద ఆనదు.

మొదట్లో చాప్ హాప్ (చిన్న అల మీంచి చిన్న గెంతు) చాలు, అంతకుమించి వద్దు. హుక్ తీసేయ్, కొంచెం గాలికి ఎదురుగా బోర్డ్ తిప్పు, చిన్న అల నిటారుగా ఉన్న చోటు చూసుకుని వెనక కాలితో తన్ను, వెంటనే రెండు కాళ్ళూ కిందికి చాచకుండా పైకి ముడుచుకో, వెనక మడమ పిరుదుల కిందకి రావాలి, గాలి వైపు అంచు కొంచెం లేవాలి. చూపు బోర్డ్ మీద కాదు ముందుకి. అడుగున్నర లేస్తే చాలు. ఆ అడుగున్నర మీద దిగడం ఎప్పుడు చేసినా ఒకేలా వస్తుంటే అప్పుడు కొంచెం పెద్ద ర్యాంప్, అంటే ఎగరడానికి వాడే అల, వెతుక్కో.

సెయిల్ సంగతి: 6.5తో జంప్స్ నేర్చుకోవద్దు, అది బరువు, గాలిలో తిప్పలేవు. 5.8 పర్లేదు, 5.0 చుట్టుపక్కల ఒకటి దొరికితే, గాలి 20 నాట్స్ (గంటకి దాదాపు 37 కిలోమీటర్లు) దగ్గర ఉన్న రోజు, నీ బరువుకి అది హాయిగా ఉంటుంది. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకో, గాలి 15 నాట్స్ నుంచి 20కి పెరిగితే సెయిల్ మీద తోపు మూడో వంతు పెరగదు, దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఒడ్డున ఉండగా కుదిరిన సెయిల్ గంట తర్వాత నిన్ను ఈడ్చేస్తుంటే ఆ రోజుకి జంప్స్ ఆపెయ్, ఒడ్డుకొచ్చి చిన్నది బిగించుకో.

నీలిఅల రాశారు:

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, సెయిలింగ్ కూడా చేస్తాను, అందుకని రెండు వైపుల నుంచీ చెప్తున్నా.

ఉప్పుగాలి గారు చెప్పిన ఆ పాదం దెబ్బ వినగానే నాకు మొదట తట్టింది లిస్‌ఫ్రాంక్ గాయం. పాదం మధ్యలో, వేళ్ళ పొడవాటి ఎముకలు వెనక చిన్న ఎముకల్ని కలిసే చోట లిగమెంట్లు తెగడం గానీ ఎముక విరగడం గానీ జరుగుతుంది, ముందు పాదం స్ట్రాప్‌లో కదలకుండా ఉండి మిగతా కాలు తిరిగితే సరిగ్గా అక్కడే బలమంతా పడుతుంది. దీంతో వచ్చిన చిక్కేంటంటే పైకి మామూలు బెణుకులా కనిపిస్తుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కొన్నిసార్లు దొరకదు, నిలబడి బరువు పెట్టి తీస్తేనే ఎముకల మధ్య సందు కనబడుతుంది. అరికాలు మధ్యలో కమిలిన మచ్చ వచ్చినా, మునివేళ్ళ మీద లేవలేకపోతున్నా, పాదం మధ్యలో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పున్నా దాన్ని కట్టు కట్టేసి వదిలేయొద్దు, ఎముకల డాక్టర్‌ని కలిసి ఇలా స్ట్రాప్‌లో మెలిపడింది అని ఆ మాట నోటితో చెప్పండి, ఎందుకంటే దెబ్బ ఎలా తగిలిందో తెలిస్తేనే వాళ్ళు ఆ వైపు చూస్తారు. ఆలస్యం చేస్తే పాదం వంపు కూలిపోయి ఆ నొప్పి ఏళ్ళ తరబడి వదలదు. చీలమండకైతే వేరే గుర్తు, దెబ్బ తగిలాక నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

మోకాలికి ఏసీఎల్ (మోకాలి లోపలుండే ఒక ముఖ్యమైన లిగమెంట్) తెగేది ఎక్కువగా కాలు చాచి ఉండగా కింద పాదం కదలకుండా పైన శరీరం తిరిగినప్పుడు. పాతతెరచాప గారు చెప్పిన ఒక కాలు లోపల ఒక కాలు బయట ల్యాండింగ్ అచ్చం ఇదే. మోకాలు వంగి ఉండాలి, మోకాలు లోపలికి కూలకుండా పాదం మీదుగా ఉండాలి. దీన్ని ఒడ్డున నేర్పించొచ్చు ఒంటికి. తక్కువ ఎత్తు మెట్టు మీంచి రెండు కాళ్ళతో దిగి చప్పుడు రాకుండా ఆగడం, తర్వాత ఒంటికాలితో, అద్దం ముందు చేస్తే మోకాలు ఎటు పోతోందో మీకే కనబడుతుంది. ఒంటికాలి స్క్వాట్స్, పిక్కలకి మునివేళ్ళ మీద లేవడం. వారంలో రెండు మూడు సార్లు ఒక పావుగంట చేసినా నీళ్ళలో తేడా తెలుస్తుంది.

తలకి దెబ్బ తగిలితే మాత్రం దయచేసి ఆ రోజు మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళొద్దు. స్పృహ పోతేనే కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని చాలామంది అనుకుంటారు, స్పృహ పోకుండానే అవుతుంది. తల దిమ్ముగా ఉండటం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం ఇవేవైనా ఉంటే ఒంటరిగా ఉంచకూడదు, బండి నడపనివ్వకూడదు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మగతగా అయిపోతున్నా వెంటనే ఆసుపత్రికే.

హెల్మెట్ గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తా. నీటి ఆటలకి చేసిందే కొనండి, లోపల ఈఎన్ 1385 అని ముద్ర ఉంటుంది, అది కయాక్, వైట్ వాటర్ హెల్మెట్ల ప్రమాణం. సైకిల్ హెల్మెట్ లోపలి నురగ ఒకే పెద్ద దెబ్బకి నలిగి పనికిరాకుండా పోతుంది, బైక్ హెల్మెట్ నీళ్ళు పట్టి మెడని లాగుతుంది, రెండూ వద్దు. హెల్మెట్ కంకషన్‌ని పూర్తిగా ఆపలేదు, కానీ మాస్ట్ (సెయిల్‌ని నిలబెట్టే స్తంభం) తగిలి నెత్తి పగలడం, పుర్రె చిట్లడం చాలా వరకు ఆపుతుంది. చెవులు మూసేది తీసుకుంటే పక్కకి పడ్డప్పుడు కర్ణభేరికి కూడా కాస్త రక్షణ, చెంపదెబ్బలా నీళ్ళు తగిలి చెవి పగిలినవాళ్ళకి లోపలికి నీళ్ళు పోగానే కళ్ళు తిరుగుతాయి, పైకెటో కిందెటో తెలియదు, నీళ్ళలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

లూప్‌పిచ్చి రాశారు:

బూమ్ వదలాలా వద్దా అన్నదానికి నేను చెప్తా బ్రో, ఇద్దరు చెప్పిందీ కరెక్టే, వాళ్ళు వేరువేరు పడిపోవడాల గురించి మాట్లాడుతున్నారు అంతే.

క్యాటపల్ట్, అంటే బోర్డ్ ముక్కు నీళ్ళలో గుచ్చుకుని నువ్వు ముందుకి విసిరేయబడేది, అందులో వదలకు. బూమ్ పట్టుకుని వేలాడితే సెయిల్‌తో పాటు గుండ్రంగా తిరిగి పడతావు, వదిలావంటే తల తిన్నగా మాస్ట్ మీదకో బోర్డ్ ముక్కు మీదకో పోతుంది. చిన్న చాప్ హాప్‌లో తేడా వచ్చినా అంతే, పట్టుకునే ఉండు, సెయిల్ లాగి ఉంచు, మహా అయితే వెల్లకిలా నీళ్ళలో పడతావు.

ఎత్తుగా లేచి బోర్డ్ నీ చేతుల్లో లేదని తెలిసిపోయినప్పుడు కథ వేరు. అప్పుడు బోర్డ్‌ని తన్నేసి బయటపడాలి, కానీ వరస ముఖ్యం: ముందు కాళ్ళు, తర్వాత చేతులు. చేతులు ముందు వదిలేస్తే రిగ్ (సెయిల్, మాస్ట్, బూమ్ కలిపి) ఒక వైపు పోతుంది, బోర్డ్‌ని అది తిప్పేస్తుంది, ఆ బోర్డ్‌లో నీ కాళ్ళుంటాయి. పైన రాసిన పాదం దెబ్బలు చాలావరకు ఇలా వచ్చేవే అని నా అభిప్రాయం. కాళ్ళు లాగేసుకుని, రిగ్‌ని నీకు దూరంగా నెట్టేసి, ముడుచుకుని పడు, చేతులు చాచి నీళ్ళని ఆపబోకు, భుజం జారేది అలాగే. పైకి తేలేటప్పుడు ఒక చెయ్యి తల మీద పెట్టుకుని రా, పైన బోర్డో సెయిలో ఉండొచ్చు. సెయిల్ కింద తేలితే కంగారు పడకు, చేత్తో పైకి నెడితే ఊపిరికి చాలినంత గాలి దొరుకుతుంది, తర్వాత ఏదో ఒక వైపే పట్టుకుని అంచు దాకా పో.

హుక్ విషయంలో మాత్రం పాతతెరచాప అన్న కంటే నేను ఇంకా గట్టిగా చెప్తా. నేర్చుకునే రోజుల్లో హుక్‌తో జంప్ అస్సలు వద్దు. బాగా చేయి తిరిగినవాళ్ళు హుక్‌తో ఎగురుతారు, వీడియోల్లో చూసి ఉంటావు, వాళ్ళకి ల్యాండింగ్ ఎటు పోతుందో ముందే తెలుసు. నీకు తేడా వస్తే రిగ్ ఎటు పడితే నువ్వూ అటే, పక్కటెముకలు బూమ్ మీద పడతాయి. నీళ్ళలో పడ్డాక లైన్ హుక్ చుట్టూ మెలిపడితే సెయిల్ కింద ఇరుక్కుంటావు, అప్పుడు హార్నెస్ బకిల్ విప్పేసుకోవాలి. అది నడుముకి ఎటు వైపుంది, ఏ చేత్తో లాగాలి, కళ్ళు మూసుకుని చేయగలగాలి. లోతు లేని చోట నిలబడి ప్రాక్టీస్ చేసి ఉంచుకో.

ఫార్వర్డ్ లూప్ (గాలిలో ముందుకి పల్టీ) ఇప్పుడే అనుకోవట్లేదు కదా? అనుకున్నా సగంలో మనసు మార్చుకోవడమే దాంట్లో అసలు ప్రమాదం. తిరగడం మొదలయ్యాక భయపడి సెయిల్ తెరిచేస్తే సగంలో ఆగి వీపు మీదో పక్కకో దబ్బుమని పడతారు. చేస్తే మొత్తం చేయాలి, లేదా ఆ రోజు మొదలే పెట్టకూడదు.

ఉప్పుగాలి రాశారు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పాతతెరచాప అన్నా, మీరు చెప్పినట్టు స్ట్రాప్స్ చూస్తే రెండూ అంచు వరసలోనే ఉన్నాయి, వదులు కూడా ఎక్కువే, చీలమండ దాకా పోతోంది కాలు. లోపలి రంధ్రాలున్నాయి, మార్చేస్తున్నా. నీలిఅల మేడమ్, ఆ లిస్‌ఫ్రాంక్ సంగతి ఆయనకి చెప్పాను, నిలబెట్టి ఎక్స్‌రే తీయలేదట, ఈ వారం మళ్ళీ వెళ్తానన్నారు.

ఇంకో రెండు అడగాలి. ఇంపాక్ట్ వెస్ట్ (ఛాతీకి దెబ్బ తగలకుండా వేసుకునే మెత్తటి కోటు) వేసుకుంటే లైఫ్ జాకెట్ అక్కర్లేదా? నీళ్ళు ఎంత లోతుండాలి? మా దగ్గర నడుము లోతు చోటు ఒకటుంది, పడ్డా లేచి నిలబడొచ్చు కదా అని అక్కడ మొదలుపెడదామనుకున్నా.

పాతతెరచాప రాశారు:

నడుము లోతులో జంప్ వద్దు తమ్ముడూ, అది వాటర్ స్టార్ట్ నేర్చుకోవడానికి మంచి చోటు. తోక ముందు దిగాలన్నాం కదా, అలా దిగితే ఫిన్, తోక కలిసి బాగా లోపలికి పోతాయి, 30 సెంటీమీటర్ల ఫిన్ ఇసుకలో గుచ్చుకుంటే బోర్డ్ అక్కడికక్కడే ఆగిపోయి నువ్వు ఆగవు. పైగా నువ్వు తలకిందులుగా పడితే మెడకి ప్రమాదం. నిలబడితే కాళ్ళందని లోతు కావాలి, అడుగున రాళ్ళు, ఇసుక మేటలు ఎక్కడున్నాయో నీరు తగ్గినప్పుడు వెళ్ళి చూసుకో. గాలి ఒడ్డుకి అడ్డంగా వీచే చోటు ఎంచుకో. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో నీళ్ళు చదునుగా బాగానే ఉంటాయి గానీ మాస్ట్ ఫుట్ (మాస్ట్‌ని బోర్డ్‌కి కలిపే కీలు) తెగినా కాలు బెణికినా నిన్ను బయటికే తీసుకుపోతుంది.

ఇంపాక్ట్ వెస్ట్ పక్కటెముకల కోసం, అది చాలావాటిల్లో తేలడానికి ప్రమాణం ఉన్న వస్తువు కాదు. 50 న్యూటన్ అని రాసి ఉన్న బాయన్సీ ఎయిడ్ (తేలడానికి సాయపడే కోటు) వేరు. రెండూ కలిపి చేసినవి దొరుకుతాయి, లోపల పట్టీ మీద చదివి కొను. హార్నెస్ దాని మీద జారకుండా కూర్చుంటుందో లేదో ఒడ్డునే బిగించి చూసుకో.

మాస్ట్ ఫుట్ అన్నాను కాబట్టి, నీళ్ళలోకి వెళ్ళే ముందు దాని రబ్బరు టెండన్‌ని (వంగే ముక్కని) రెండు చేతులతో అన్ని వైపులా వంచి చూడు. వంచినప్పుడు బయటి వంపు మీద సన్నటి వెంట్రుక గీతలు కనబడితే ఇక దాన్ని వాడకు, మామూలుగా నిలబెట్టి చూస్తే అవి మూసుకుపోయి కనబడవు. బూమ్ ముందు క్లాంప్, స్ట్రాప్ స్క్రూలు కూడా చేత్తో కదిపి చూడు. ఒక స్క్రూ వదులైతే స్ట్రాప్ తిరిగిపోతుంది, మనం పైన మాట్లాడుకున్న సైజు లెక్కంతా పోతుంది.

తీరంకాపు రాశారు:

ఒక్క మాట చేరుస్తా. తన్నే ముందు గాలివాటం వైపు చూడండి, గాలిలో ఉన్నంతసేపూ మీరు ఆ వైపే కొట్టుకుపోతారు, అక్కడ ఈదేవాళ్ళున్నా ఇంకో బోర్డ్ ఉన్నా ఆపడం మీ చేతిలో ఉండదు. ఒంటరిగా వెళ్ళొద్దు, ఒడ్డున కనీసం ఒకరికి మీరు ఏ టైమ్‌కి బయటికొస్తారో చెప్పి వెళ్ళండి. అరచేతులు పట్టు కోల్పోతున్నా, వాటర్ స్టార్ట్ రెండోసారికి గానీ లేవలేకపోతున్నా ఆ రోజుకి జంప్స్ అయిపోయినట్టే, గాలి ఎంత బాగున్నా సరే, మామూలుగా సెయిల్ చేసుకుంటూ ఒడ్డుకి వచ్చేయండి.

ఉప్పుగాలి రాశారు:

సరే అన్నా. 5.0 సెయిల్ తెలిసినవాళ్ళ దగ్గర అడిగాను, ఇస్తామన్నారు. లోతు చోటు కూడా చూసుకున్నా, గాలి అడ్డంగానే ఉంటుంది అక్కడ. స్ట్రాప్స్ మార్చి, బకిల్ విప్పడం ప్రాక్టీస్ చేశాకే మొదటి హాప్. వీడియో తీయించి పెడతా, కాళ్ళు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి.